మానిటర్ లేని ఇంటికి పాపను తీసుకెళ్లాలంటే భయమేస్తోంది

పేరు వేయొద్దని కోరుతూ ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. ఆమెకు ముప్పయ్యో వారంలోనే కాన్పయింది. పాప పుట్టినప్పుడు 1,250 గ్రాములు. మొదట్లో ఊపిరికి సాయం పెట్టారు, ట్యూబుతో పాలు పట్టారు, మధ్యలో ఒక ఇన్‌ఫెక్షన్ వచ్చి తగ్గింది. ఇప్పుడు ఐదు వారాలు దాటాయి. బరువు 1,850 గ్రాములకు వచ్చింది. ఇంక్యుబేటర్ తీసేసి మామూలు తొట్టిలో పడుకోబెడుతున్నారు. మూడు గంటలకోసారి పాలు: కొంత రొమ్ము దగ్గర తాగుతుంది, మిగతాది పిండి ఉగ్గుగిన్నెతో పడుతున్నారు. ఊపిరి ఆగకుండా ఇచ్చే కెఫీన్ మందు ఆపి వారం దాటింది. చివరిసారి మానిటర్ అలారం మోగి నాలుగు రోజులైంది. ఇలాగే ఉంటే వచ్చే వారం ఇంటికి పంపిస్తామని డాక్టర్లు చెప్పారు.

"అందరూ సంబరపడుతున్నారు. నాకు మాత్రం ఆ మాట విన్నప్పటి నుంచి కాళ్లూ చేతులూ ఆడటం లేదు" అని రాశారామె. "ఇంకో వారం ఉంచుకోమని డాక్టరును అడగాలని ఉంది. కన్నతల్లినయ్యుండి బిడ్డ ఇంటికి రావద్దని కోరుకుంటున్నానా అని నాలో నేనే కుమిలిపోతున్నాను. నిజం చెప్పాలంటే పాప నర్సుల బిడ్డ అనిపిస్తోంది. నేను రోజూ చూసిపోవడానికి వచ్చే మనిషిలా ఉన్నాను."

ఇంట్లో తలా ఒక మాట. పాప కాలికి తొడిగితే ఫోన్‌లో ఆక్సిజన్ అంకె చూపించే సాక్సు మానిటర్ కొందామని భర్త పట్టుబడుతున్నారు. కిటికీలన్నీ మూసి, గది వేడిగా పెట్టి, నాలుగు దుప్పట్లు కప్పాలని ఆమె తల్లి ఫోన్‌లో చెబుతున్నారు. వచ్చిన ఆదివారమే చుట్టాలందరినీ పిలుద్దామని అత్తగారు ఆశపడుతున్నారు. పుట్టింట్లో సాయం ఉంది, కానీ అది ఆసుపత్రికి మూడు గంటల దూరం. తండ్రి మంచాన పడ్డారు కాబట్టి తల్లి ఇక్కడికి రాలేరు. భర్తకు పది రోజులే సెలవు. ఎక్కడుండాలి, ఎవరి మాట వినాలి, ఇంకో వారం అడగాలా వద్దా అన్నది ఆమె ప్రశ్న.

అమ్మా, మీరు సిగ్గుపడుతూ రాసిన మాటతోనే మొదలుపెడతాను. ఇంకో వారం ఉంచుకోమని అడగాలనిపించడం ప్రేమ తక్కువై కాదు. ఇన్ని వారాలుగా పాప బాగుందో లేదో మీకు చెప్పింది ఆ మానిటర్ తెర మీది అంకె. అది పైన ఉంటే మీరు కుదుటపడ్డారు, కిందికి జారితే మీ ప్రాణం కూడా జారిపోయింది. పాప ముఖం చూసి, ఒళ్లు తాకి, ఊపిరి గమనించి తెలుసుకునే అలవాటు మీకు రాలేదు. రావడానికి అక్కడ పెద్దగా వీలూ లేదు. ఇప్పుడు ఒక్కసారిగా తెర తీసేసి బిడ్డను చేతిలో పెడతామంటే ఎవరికైనా గుండె దడదడలాడుతుంది. నర్సుల బిడ్డ అనిపించడానికి కారణం కూడా ఇదే. తుడిచింది వాళ్లు, డైపర్ మార్చింది వాళ్లు, అర్ధరాత్రి పాలు పట్టింది వాళ్లు. బిడ్డ మనదనే భావన చాలావరకు ఈ పనుల్లోంచే పుడుతుంది. ఆ పనులు మీ చేతికి వస్తే ఆ భావన కూడా వస్తుంది. మిగిలిన వారం రోజుల్లో జరగాల్సింది ఇదేనని నా అభిప్రాయం.

ఇంటికి పంపడానికి డాక్టర్లు ఏం చూస్తారో తెలిస్తే మీ టెన్షన్ కొంత తగ్గొచ్చు. బరువు ఒక్కటే చూడరు. ముఖ్యంగా మూడు కుదరాలి. మామూలు తొట్టిలో, మామూలు బట్టల్లో ఒంటి వేడిని పాప తనంతట తాను నిలుపుకోవాలి. ట్యూబు లేకుండా పాలన్నీ నోటితోనే తాగుతూ, రోజురోజుకీ బరువు పెరగాలి. ఊపిరి ఆగడం, గుండె వేగం పడిపోవడం లేకుండా కొన్ని రోజులు వరసగా గడవాలి. చాలా ఆసుపత్రులు ఐదు నుంచి ఏడు రోజులు చూస్తాయి. కెఫీన్ నెలలు నిండని బిడ్డల ఒంట్లోంచి చాలా నెమ్మదిగా పోతుంది. అందుకే మందు ఆపిన వెంటనే పంపకుండా, దాని ప్రభావం పూర్తిగా పోయాక కూడా పాప సొంతంగా ఊపిరి తీస్తోందా అని ఆగి చూస్తారు. వాళ్లు "వచ్చే వారం" అన్నది తొందరపడి అన్న మాట కాదు, ఈ లెక్క చూసుకుని అన్నదే.

ఇక మీ ముందున్న దారులు. ఊరికే "ఇంకో వారం ఉంచండి" అని అడగొచ్చు. కొందరు డాక్టర్లు ఒప్పుకుంటారు కూడా. కానీ ఆ వారం కూడా మీరు కిటికీ అవతలి నుంచో, కాసేపు వచ్చి వెళ్తూనో గడిపితే, ఎనిమిదో రోజున భయం ఎక్కడుందో అక్కడే ఉంటుంది. పైగా ఆసుపత్రిలో ఉన్నంత కాలం ఇన్‌ఫెక్షన్ సోకే అవకాశం ఉంటుంది. ఒకసారి అది పడ్డ బిడ్డ మీది. రెండో దారి, చెప్పిన తేదీకే గుండె దిటవు చేసుకుని వెళ్లిపోవడం. చాలామంది అలాగే వెళ్తారు, నెట్టుకొస్తారు. కాకపోతే మొదటి నాలుగైదు రాత్రులు కన్ను మూయరు. నిద్ర లేని మనిషికి చిన్న చప్పుడు కూడా ప్రమాదంలా వినిపిస్తుంది.

నేను మొగ్గేది మూడో దారికి. డిశ్చార్జ్‌కు ముందు ఒకటి రెండు రాత్రులు ఆసుపత్రిలోనే ఒక గదిలో పాపతో మీరిద్దరే ఉండే వీలుందా అని అడగండి. చాలా ఎన్‌ఐసీయూల్లో, అంటే పసిబిడ్డల ఐసీయూల్లో, ఈ ఏర్పాటు ఉంటుంది, దీన్ని రూమింగ్ ఇన్ అంటారు. రాత్రంతా పాపను మీరే చూసుకుంటారు, పిలిస్తే నర్సు వస్తుంది. గది లేదంటే కనీసం రోజులో ఎక్కువసేపు లోపల ఉండనిమ్మని, పాలు పట్టడం, మందు కొలవడం, ఉష్ణోగ్రత చూడటం, ఒళ్లు తుడవడం అన్నీ నర్సు ఎదురుగా మీ చేత చేయించమని అడగండి. మీ భర్త సెలవులో రెండు రోజులు ఇక్కడ ఖర్చుపెట్టడం మంచిదే. ఆయన కూడా నేర్చుకోకపోతే ఇంటికొచ్చాక ప్రతి పనికీ మిమ్మల్నే లేపాల్సి వస్తుంది. ఇవన్నీ చేశాక కూడా పాలు సరిగా పట్టలేకపోతున్నానని అనిపించినా, ఈలోగా అలారం మళ్లీ మోగినా తేదీ జరపమని అడగడానికి మొహమాటపడకండి. అప్పుడు మీ దగ్గర ఫలానా కారణమంటూ ఒకటి ఉంటుంది, డాక్టరుకు దాని మీద పని చేసే వీలుంటుంది.

అలారం గురించి కాస్త వివరంగా చెప్పాలి, మీ భయానికి వేరు అక్కడే ఉంది. నెలలు నిండని బిడ్డల మెదడులో ఊపిరిని నడిపే భాగం ఇంకా పూర్తిగా పక్వం కాదు. అందుకే వాళ్లు ఊపిరి తీయడం మధ్యలో ఆపేస్తారు. ఇరవై సెకన్లు, అంతకు మించి ఆగినా, అంతకన్నా తక్కువసేపే ఆగి గుండె వేగం పడిపోయినా, రంగు మారినా దాన్ని ఆప్నియా అంటారు. మీ పాపలా ముప్పయ్యో వారంలో పుట్టినవాళ్లలో ఎక్కువమందికి, కడుపులో గడిచిన వారాలూ పుట్టాక గడిచిన వారాలూ కలిపి 36, 37 వారాలకు ఇది పోతుంది. ఇంకా ముందే, 28 వారాల లోపు పుట్టినవాళ్లలో కొంచెం ఆలస్యం కావచ్చు. దీన్ని పోలిన ఇంకొకటి ఉంది, దానికి భయపడక్కర్లేదు. ఐదు నుంచి పది సెకన్లు ఊపిరి ఆగినట్టుంటుంది, ఆ తర్వాత గబగబా నాలుగైదు ఊపిర్లు, మళ్లీ మామూలు. రంగు మారదు, ఒళ్లు వేలాడదు. ఇంటికి వెళ్లాక రాత్రిపూట మీరు చూడబోయేది, చూసి ఉలిక్కిపడబోయేది ఎక్కువగా ఇదే. ముందే ఒకసారి నర్సును పక్కన పెట్టుకుని చూశారంటే ఇంట్లో గుర్తుపడతారు.

ఎలా చూడాలంటే, పాప నిద్రపోతున్నప్పుడు తెరకు వీపు పెట్టి కూర్చోండి. చొక్కా కొంచెం పైకి జరిపి పొట్ట చూడండి. ఈ వయసులో ఊపిరి పొట్టతో తీస్తారు, ఛాతీ కన్నా అక్కడే బాగా తెలుస్తుంది. నిమిషం నిండా లెక్కపెట్టండి. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగింతలు చేస్తే తప్పొస్తుంది, ఎందుకంటే వీళ్ల ఊపిరి ఒకే తీరుగా నడవదు. నలభై నుంచి అరవై మధ్య ఉంటే సరే. తర్వాత పెదాలు, నాలుక రంగు చూడండి. చామనఛాయ ఒంటి మీద నీలం తొందరగా కనపడదు, నోటి లోపల కనపడుతుంది. చేతులు, పాదాలు ఒక్కోసారి చల్లగా, కాస్త నీలంగా ఉండొచ్చు. నాలుక గులాబీ రంగులో ఉంటే కంగారు పడకండి. ఇవన్నీ చూసి "పాప బాగుంది" అని మీరు అనుకున్నాక, అప్పుడు వెనక్కి తిరిగి తెర చూడండి. నాలుగైదు సార్లు మీ మాటా తెర మాటా కలిసిందంటే, మీ కళ్ల మీద మీకు నమ్మకం కుదురుతుంది.

భర్త కొందామంటున్న సాక్సు సంగతి. ఆయన ఆరాటం అర్థమవుతోంది, ఆయనకూ మీలాగే తెర అలవాటైంది. అయితే ఇలాంటి ఇంటి మానిటర్లు నిద్రలో వచ్చే ఆకస్మిక మరణాన్ని ఆపుతాయని ఎక్కడా తేలలేదు. దాని కోసం ఇంట్లో మానిటర్ వాడొద్దనే అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ సలహా. కొంటే ఏమవుతుంది? పాప కాలు ఆడించినప్పుడల్లా, సాక్సు వదులైనప్పుడల్లా అది మోగొచ్చు. ఒక్కో రాత్రి మిమ్మల్ని మూడుసార్లు ఉత్తపుణ్యానికి లేపొచ్చు. ఆసుపత్రికి పరుగెత్తిస్తే, అక్కడ అవసరం లేని పరీక్షలు కూడా జరగొచ్చు. ఇంతకన్నా నన్ను కలవరపెట్టేది ఇంకొకటి: పాప రంగు తేడాగా ఉన్నా "ఫోన్‌లో అంకె బాగానే ఉందిగా" అని ఊరుకునే ప్రమాదం. కొనకపోతే మొదటి వారం మీ ఇద్దరికీ కష్టంగా గడుస్తుంది, తర్వాత అలవాటవుతుంది. మీ డాక్టరే పాప పరిస్థితిని బట్టి ఆసుపత్రి రకం మానిటర్ రాసిస్తే అది వేరే సంగతి. అప్పుడు దాన్ని ఎప్పుడు పెట్టాలో, మోగితే ఏం చేయాలో, ఎప్పుడు తీసేయాలో వాళ్లే నేర్పిస్తారు. ఆ డబ్బూ ఆ శ్రద్ధా ఇంకొకదాని మీద పెట్టమని మీ ఆయనతో చెప్పండి: పసిపిల్లలకు ఊపిరి ఆగితే చేయాల్సిన ప్రథమ చికిత్స. బొమ్మ మీద చేయించి నేర్పమని వార్డులో అడగండి. ఇద్దరూ నేర్చుకోండి. పాపను చూసుకునే మూడో మనిషి ఎవరైనా ఉంటే వాళ్లకూ నేర్పించండి.

మానిటర్ చేయలేని పని పడక చేస్తుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు నిద్రలో ఆకస్మిక మరణం ముప్పు మిగతావాళ్లకన్నా ఎక్కువ, కాబట్టి ఈ విషయంలో ఎవరు ఏం చెప్పినా మెత్తబడకండి. ప్రతి నిద్రకూ, పగలైనా రాత్రైనా, వెల్లకిలానే పడుకోబెట్టాలి. మీరు వార్డులో పాపను బోర్లా పడుకోబెట్టడం చూసే ఉంటారు. ఊపిరితిత్తులకు తేలికని మొదటి రోజుల్లో అలా చేస్తారు, అది కూడా ఇరవై నాలుగు గంటలూ మానిటర్ ఉంది కాబట్టే. ఇంటికి పంపేముందు వెల్లకిలా అలవాటు చేస్తారు. మీ పాపకు చేశారో లేదో అడగండి. పరుపు గట్టిగా, చదునుగా ఉండాలి. దిండు, బొమ్మలు, మెత్తటి దుప్పట్లు ఏమీ వద్దు. పాప మీ గదిలోనే, మీ చేతికి అందేంత దగ్గరలో, కానీ తన సొంత పడకలో పడుకోవాలి. చిన్న బిడ్డ కదా, పక్కలో వేసుకోవాలనిపిస్తుంది. ఇంత చిన్న బిడ్డకే పక్కలో ప్రమాదం ఎక్కువ. సోఫాలో, కుర్చీలో పాపను ఎత్తుకుని కునుకు తీయడం అన్నింటికన్నా ప్రమాదం. కళ్లు మూతలు పడుతున్నాయంటే ఇంకొకరికి అందించండి, లేదా పడకలో పెట్టేయండి.

పాల విషయంలో నెలలు నిండిన బిడ్డల సలహాలు మీకు పనికిరావు. "ఆకలేస్తే అదే ఏడుస్తుంది" అని చాలామంది అంటారు. మీ పాప ఏడవకపోవచ్చు. ఏడవడానికి కూడా ఓపిక కావాలి, ఈ బిడ్డలు ఆకలితో అలిసిపోయి నిద్రలోకి జారుకుంటారు. అందుకని డాక్టరు వద్దనే దాకా మూడు గంటలకు మించి పడుకోనివ్వకుండా లేపి పట్టండి. పెదాలు చప్పరించడం, నాలుక బయటపెట్టడం, చేయి నోటి దగ్గరికి తెచ్చుకోవడం కనిపిస్తే గంట కాకపోయినా పట్టేయండి.

తాగుతున్నప్పుడు పాప ముఖం, చేతులు చూస్తూ ఉండండి. పీల్చడం, మింగడం, ఊపిరి తీయడం మూడూ ఒక వరసలో జరగాలి. ఆ వరస 34 వారాల దగ్గర కుదరడం మొదలవుతుంది, మీ పాపకు 35 దాటాయి. అంటే కొత్తగా వచ్చిన విద్య. మొదట పిడికిలి బిగించి గడ్డం దగ్గర పెట్టుకుని శ్రద్ధగా తాగుతుంది. కాసేపటికి వేళ్లు విచ్చుకుని చేయి పక్కకు చాస్తుంది, కనుబొమలు పైకి లేస్తాయి, పెదవి చివర నుంచి పాలు కారతాయి. ఒక్క నిమిషం ఆగమని పాప చెప్పే తీరు అది. ఆపండి. కాస్త నిటారుగా కూర్చోబెట్టి గడ్డానికి చేతిని ఆనించండి, రెండు మూడు ఊపిర్లు తీసుకోనివ్వండి, మళ్లీ మొదలుపెట్టండి. ఉగ్గుగిన్నెతో అయితే పాలు నోట్లో ఒంపేయకుండా కొద్దికొద్దిగా పెదవికి తాకిస్తూ, మింగిందని చూశాకే తర్వాతి గుటక ఇవ్వండి. తాగడానికి అరగంటకు మించి పడుతుంటే, లేదా సగంలోనే ప్రతిసారీ వేలాడిపోతుంటే డాక్టరుకు చెప్పండి. ఒంట్లో వచ్చిన బలం పాలు తాగడానికే ఖర్చయిపోతోందని దాని అర్థం.

రోజుకు ఆరు, అంతకన్నా ఎక్కువ డైపర్లు తడిస్తే పాలు సరిపోతున్నట్టే. బరువు రోజూ ఇంట్లో తూయకండి. ఒక రోజు పదిహేను గ్రాములు తగ్గినట్టు కనిపించిందని మీకు ఆ రోజంతా అన్నం సయించదు, అది ఒంటికో రెంటికో పోయిన తేడానే కావచ్చు. వారానికోసారి ఒకే తూకం మీద చూపించండి. రోజుకు సగటున ఇరవై నుంచి ముప్పై గ్రాములు పడుతుంటే బాగున్నట్టు. పాలల్లో కలిపే పౌడరు, ఐరన్ చుక్కలు, విటమిన్ డి చుక్కలు రాసిస్తే ఎన్ని మిల్లీలీటర్లో కాగితం మీద రాయించుకోండి. ఇంకో కంపెనీ సీసా కొనాల్సి వస్తే అదే మోతాదు వేయకండి, ఒక్కో సీసాలో మందు గాఢత ఒక్కో రకంగా ఉంటుంది.

మీ అమ్మగారు చలికి భయపడటంలో న్యాయముంది. ఇంత చిన్న ఒంట్లో కొవ్వు తక్కువ, వేడి తొందరగా పోతుంది. కానీ గది బిగించి నాలుగు దుప్పట్లు కప్పితే ఒళ్లు అతిగా వేడెక్కుతుంది, అది నిద్రలో ముప్పును పెంచుతుంది. వదులు దుప్పటి ముఖం మీదికి జారుతుంది. మీరు ఎన్ని పొరల బట్టలు వేసుకుంటే సుఖంగా ఉంటుందో పాపకు ఇంకొకటి చాలు. చేతులు కాళ్లు పట్టుకుని చూసి తేల్చకండి, మెడ వెనక, పొట్ట మీద చేయి పెట్టి చూడండి. చంకలో థర్మామీటరు పెడితే 36.5 నుంచి 37.5 సెల్సియస్ మధ్య ఉండాలి. చల్లగా అనిపిస్తే దుప్పటి వెతుక్కోవడానికన్నా ముందు పాపను మీ ఒంటికి ఆనించుకోండి.

ఇలా పాపను ఒంటికి ఆనించి కట్టుకునే కంగారూ కేర్ మీకు వార్డులో చేయించే ఉంటారు. 1978లో కొలంబియాలోని బొగోటాలో, ఇంక్యుబేటర్లు సరిపోక ఎడ్గార్ రే అనే డాక్టరు మొదలుపెట్టిన పద్ధతి అది. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ నెలలు నిండని బిడ్డలందరికీ రోజుకు ఎనిమిది గంటల నుంచి వీలైతే ఇరవై నాలుగు గంటల దాకా చేయమని 2022లో సిఫారసు చేసింది. ఇంటికెళ్లాక మానేయాల్సిన పని లేదు. డైపర్, టోపీతో పాపను రొమ్ముల మధ్య నిటారుగా, కప్పలా కాళ్లు ముడుచుకునేలా పెట్టుకుని, తల ఒక పక్కకు తిప్పి, గడ్డం ఛాతీకి నొక్కుకోకుండా, ముక్కు మీకు కనిపించేలా కట్టుకోండి. పాలు బాగా పడతాయి, పాప నిద్ర కుదురుతుంది. అన్నింటికన్నా, "నేను చూసిపోయే మనిషిని" అన్న మీ బాధకు నాకు తెలిసినంతలో ఇదే మంచి మందు. తండ్రులూ చేయొచ్చు. సాయంత్రం మీ ఆయన ఛాతీ మీద గంటన్నర పాప పడుకుంటే మీకు గంటన్నర నిద్ర దొరుకుతుంది. ఆయన కూడా ఫోన్‌లో అంకె కోసం వెతకరు, ఊపిరి ఆయన ఒంటికే తెలుస్తుంటుంది.

పుట్టిల్లా, సొంతిల్లా అన్నది కష్టమైన ప్రశ్న. అమ్మ దగ్గరుంటే మీకు నిద్ర, భోజనం, ధైర్యం దొరుకుతాయి, అవేమీ చిన్న విషయాలు కావు. కానీ మీ ఉత్తరంలో ఒక వాక్యం ఉంది: కంటి పరీక్ష చేసిన డాక్టరు "రక్తనాళాలు ఇంకా పూర్తిగా పెరగలేదు, రెండు వారాలకు మళ్లీ చూడాలి" అన్నారని రాశారు. ఆ రెండు వారాలు డిశ్చార్జ్ తర్వాత వస్తాయి. ముందే పుట్టిన బిడ్డల కంటి రెటీనాలో రక్తనాళాలు దారి తప్పి పెరిగితే ఆర్‌ఓపీ అంటారు. బయటికి ఏమీ తెలియదు, కన్ను మామూలుగానే ఉంటుంది. సకాలంలో పట్టుకుంటే లేజరుతోనో ఇంజెక్షన్‌తోనో చూపు కాపాడొచ్చు. వాయిదా తప్పితే చూపే పోవచ్చు, ఆ నష్టం కొన్నిసార్లు రోజుల్లోనే జరిగిపోతుంది. పాపకు నలతగా ఉందనో, దూరమనో, చుట్టాలొచ్చారనో ఈ ఒక్క తేదీ జరపకండి. రక్తనాళాలు పూర్తిగా పెరిగాయి, ఇక రానక్కర్లేదు అని కంటి డాక్టరు నోటితో చెప్పేదాకా వెళ్తూనే ఉండాలి.

దీన్ని బట్టి చూస్తే, కంటి పరీక్షలు ముగిసేదాకా ఆసుపత్రికి దగ్గరగా ఉండి, ఆ తర్వాత అమ్మ దగ్గరికి వెళ్లడం మేలనిపిస్తోంది. ఆ కొన్ని వారాలు మీ ఆయన సెలవు ఒక్క బిగిన వాడుకోకుండా, రాత్రి పాలు ఒక పూట ఆయన పట్టేలా, మీరు వరసగా నాలుగైదు గంటలు నిద్రపోయేలా చూసుకోవాలి. అత్తగారు సాయానికి వస్తారు కదా, వంట, బట్టలు ఆమెకు అప్పగించి పాపను మీరే చూసుకోండి. చాలా ఇళ్లలో ఇది తిరగబడుతుంది, బిడ్డను పెద్దవాళ్లు ఎత్తుకుంటే బాలింత వంటింట్లో ఉంటుంది. వెంటనే పుట్టింటికే వెళ్లాలని నిర్ణయించుకుంటే అదీ తప్పు కాదు. అయితే బయల్దేరేముందే అక్కడ ఈ పిల్లలను చూసే డాక్టరు, ఆర్‌ఓపీ చూసే కంటి డాక్టరు, అర్ధరాత్రి తలుపు తెరిచి ఉండే ఆసుపత్రి ఎక్కడున్నాయో తేల్చుకోవాలి. దారిలో కారు సీటులో ఒదిగి కూర్చుంటే ఈ బిడ్డలకు మెడ ముందుకు వాలి ఊపిరికి అడ్డం పడొచ్చు. సీటులో ఎంతసేపు తట్టుకుంటుందో ఆసుపత్రిలోనే పరీక్షించి చూడమని అడగండి, వెనక సీటులో పాప పక్కన ఒకరు కూర్చోవాలి, మధ్యలో ఆగి బయటికి తీస్తుండాలి. రెండు మూడు రోజుల్లో ఉండే మొదటి చెకప్‌కు మళ్లీ అంత దూరం తిప్పాల్సి వస్తుందన్నది కూడా లెక్కలో వేసుకోండి.

ఆదివారం చుట్టాలు వద్దు. ఈ మాట మీరు చెబితే కోడలి మాటవుతుంది, డాక్టరు చెబితే డాక్టరు మాటవుతుంది. డిశ్చార్జ్ రోజు అత్తగారిని కూడా లోపలికి తీసుకెళ్లి, ఎవరు రావచ్చు, ఎన్నాళ్లు ఆగాలి అని ఆమె ఎదురుగానే డాక్టరును అడగండి. తల్లి నుంచి బిడ్డకు చేరే యాంటీబాడీలు, అంటే రోగాలను ఎదిరించే ప్రోటీన్లు, గర్భం చివరి నెలల్లోనే ఎక్కువగా చేరతాయి, ఆ నెలలు మీ పాపకు దక్కలేదు. పెద్దవాళ్లకు ముక్కు కారడంతో పోయే జలుబు వైరస్ ఇలాంటి బిడ్డను మళ్లీ ఆక్సిజన్ మీదికి తేవచ్చు. ఆర్‌ఎస్‌వీ అనే వైరస్ నుంచి కాపాడే యాంటీబాడీ ఇంజెక్షన్ మీ పాపకు అవసరమా, దొరుకుతుందా అనీ అడగండి. ఇంట్లో పెద్దలందరూ ఫ్లూ, కోరింత దగ్గు టీకాలు వేయించుకుంటే మంచిది. పాపను ముట్టుకునే ముందు సబ్బుతో చేతులు కడగాలి, దగ్గు జలుబు ఉన్నవాళ్లు రాకూడదు, ఇంట్లో పొగ తాగకూడదు. వీటి దగ్గర మొహమాటం పనికిరాదు.

ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు డిశ్చార్జ్ సమ్మరీ అక్కడే కూర్చుని చదవండి, అర్థం కానిది అక్కడే అడగండి. వినికిడి పరీక్ష చేశారా, తల స్కానింగ్ ఏం చెప్పింది, మళ్లీ ఎప్పుడు రావాలి అన్నవి అందులో ఉండాలి. టీకాలు పుట్టిన తేదీని బట్టే వేయించాలి, నెలలు తక్కువని వెనక్కి జరపకూడదు. ఒకటి రెండింటి విషయంలో బరువును చూసి డాక్టరు తేదీ మార్చవచ్చు. ఎదుగుదల మాత్రం నెలలు నిండి కాన్పు కావాల్సిన తేదీ నుంచి లెక్కపెట్టాలి. మీ పాప పది వారాలు ముందొచ్చింది కాబట్టి తల నిలపడం, నవ్వడం, బోర్లా పడటం అన్నింటిలో ఆ పది వారాలు తీసేసి చూడండి. రెండేళ్లు వచ్చేదాకా ఇదే లెక్క. "మా వాడు ఈపాటికి పాకేశాడు" అనే వాళ్లకు ఈ లెక్క చెప్పే బాధ్యత మీ ఆయనకు అప్పగించండి.

ఎప్పుడు పరుగెత్తాలో ఒక కాగితం మీద రాసి, ఆసుపత్రి నంబరుతో సహా గోడకు అంటించండి. పెదాలు, నాలుక నీలంగా మారినా, ఊపిరి ఇరవై సెకన్లు ఆగినా, నిమిషానికి అరవైకి మించి ఊపిరి కొట్టుకుంటూ డొక్కలు ఎగరేస్తున్నా, ప్రతి ఊపిరికీ మూలిగినా ఆలోచించకండి. వరసగా రెండుసార్లు పాలు తాగకపోవడం, లేపినా లేవకపోవడం, ఒళ్లు వేలాడిపోవడం, ఫిట్స్, ఆకుపచ్చగా కక్కడం, పొట్ట ఉబ్బడం, మలంలో రక్తం, అరచేతులు అరికాళ్లు పచ్చబడటం, 38 సెల్సియస్ జ్వరం, దగ్గరికి తీసుకున్నా వేడెక్కని ఒళ్లు, ఇవన్నీ కూడా అదే రోజు, అదే గంటలో చూపించాల్సినవి. ముందే పుట్టిన బిడ్డల్లో గజ్జల్లో హెర్నియా కాస్త ఎక్కువ, ఏడ్చినప్పుడు ఉబ్బు కనిపిస్తే చెకప్‌లో చెప్పండి. అది గట్టిపడి లోపలికి పోకపోతే మాత్రం ఆగకూడదు. ఊపిరి ఆగితే పాదం మీద తట్టి, వీపు నిమిరి కదిలించండి, ఎప్పుడూ ఊపేయకండి. కదిలించగానే తేరుకున్నా సరే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. పలకకపోతే నేర్చుకున్న ప్రథమ చికిత్స మొదలుపెట్టి, ఇంకొకరి చేత అంబులెన్సుకు ఫోన్ చేయించండి. మీరు ఒక్కరే ఉంటే ఫోన్ స్పీకర్‌లో పెట్టి చికిత్స సాగించండి. తప్పుడు భయంతో వెళ్లి తిరిగొచ్చినా ఏ డాక్టరూ మిమ్మల్ని తప్పుపట్టరు, పట్టినా పట్టించుకోకండి.

చివరగా మీ గురించి. ఎన్‌ఐసీయూలో బిడ్డ ఉన్న తల్లుల్లో కాన్పు తర్వాతి డిప్రెషన్, ఆందోళన మిగతా తల్లులకన్నా ఎక్కువ. ఇంటికెళ్లాక మైక్రోవేవ్ మోగినా, ఫోన్ మోగినా వార్డు అలారం అనిపించి గుండె అదరడం చాలామందికి జరుగుతుంది, మెల్లగా తగ్గుతుంది. కానీ పాప నిద్రపోతున్నా మీకు నిద్ర పట్టకపోవడం, ఏ పనీ చేయాలనిపించకపోవడం, ఊరికే ఏడుపు రావడం రెండు వారాలు దాటితే డాక్టరుకు చెప్పండి. నేను లేకపోతేనే వీళ్లకు నయం అనిపిస్తే రెండు వారాలు కూడా ఆగొద్దు, ఆ రోజే చెప్పండి. పాలిచ్చే తల్లులు వాడదగ్గ మందులు ఉన్నాయి, మాట్లాడి తగ్గించే పద్ధతులూ ఉన్నాయి. నాకు రాసిన ఈ ఉత్తరం ఫోన్‌లోనే ఉంటే రేపు వార్డులో మీకు బాగా తెలిసిన నర్సుకు చూపించండి. రూమింగ్ ఇన్ గది ఏ రోజుకు ఖాళీ అవుతుందో అప్పుడే అడగొచ్చు.